నంబరు పడిన రోజులు

పటమట నేడు విజయవాడలో ఒక పేట. 1985లో గుణదలతోను భవానీపురముతోను పాటు నగరపాలక సంస్థలో కలిసిపోవుటకు పూర్వము అది తన పెద్దలను, తన తగవులను, తన మర్యాదను తానే చూచుకొనుచుండిన గ్రామము. బెజవాడనుండి మచిలీపట్టణము పోవు బందరు రోడ్డుమీద ఎఱ్ఱబస్సులు దుమ్ము రేపుచు సాగుచుండ, ఒక ప్రక్క బందరు కాలువ నిండుగా పారుచుండ, కానూరు వైపున వరిచేలు చూపు మేర పఱచుకొనియుండ, 1966లో వెలసిన ఆటోనగరమునుండి లారీ బాడీలపై పడు సమ్మెటదెబ్బలు ప్రొద్దుననగా మొదలిడి ప్రొద్దుగూకువఱకు వినవచ్చుచుండ, పల్లెకును పట్నమునకును నడుమ ఎటును చెందక, రెంటియందును అన్ని హక్కులు కలదానివలె ఆ ఊరు మెలగుచుండెను. ఆ ఊరిలో ఒక అపవాదు ఎట్లు పుట్టెడిదో, ఎవరు దానిని తూచెడివారో, దేనిని వీధికెక్కించి దేనిని గడప దాటనీయక ఉంచెడివారో చెప్పవలెనని నాకు చాలకాలముగా కోరిక. అన్ని అపవాదులను గూర్చి చెప్పుట నా తరము కాదు. ఇంజనీరింగు చదువు చుట్టు అల్లుకొన్నవానిని గూర్చి మాత్రము చెప్పెదను. ఏలయన మా తరమున మా ఊరివారికి దానిని మించిన ఆశ లేదు, దానిని మించిన రహస్యమును లేదు.

వార్తకు బెజవాడ పుట్టిల్లు. విశాలాంధ్ర 1952నుండి ఇచ్చటనే అచ్చగుచుండెను. ఆంధ్రజ్యోతి 1960లో నార్ల వెంకటేశ్వరరావుగారి సంపాదకత్వమున ఇచ్చటనే పుట్టినది. ఈనాడు 1978లో ఇచ్చట ముద్రణ నారంభించినది. దూరపు తాలూకాలలో మధ్యాహ్నము బస్సు వచ్చినగాని దినపత్రిక మొగము చూడనివారుండగా, పటమటవాసికి సిరా తడి ఆరని పత్రిక కాఫీకంటె ముందు చేతికి వచ్చుచుండెను. అయినను పత్రిక చదివినంతనే ఆ సంగతి మా ఊరికి వార్త కాలేదు. మంగలి దుకాణమున ఒకరు పైకి చదువగా నలుగురు విని, గ్రంథాలయపు అరుగుమీద ఎనిమిదిమంది దానిని విప్పి, "ఎవరి తాలూకు? ఏ ఊరు? వాళ్ళకు మనకు చుట్టరికమేమైనా ఉన్నదా?" అని విచారించి, సాయంకాలము పాక హోటలులో పెసరట్టు తినుచు, నమ్మదగినదే అని ఒక పెద్దమనిషి తల పంకించిన పిమ్మటనే అది వార్త అగుచుండెను. ఈ విచారణకు ఒక దినము పట్టెడిది. ఒక్కొక్కప్పుడు వారము పట్టెడిది. అచ్చులోనికి రాని సంగతులకును ఇదే న్యాయస్థానము.

మా పెద్దల కాలమున ఇంజనీరనగా పి.డబ్ల్యు.డి. దొర. కాలువగట్టుమీద టోపీ పెట్టుకొని నడచు ఆ ఉద్యోగిని చూచినప్పుడు రైతు కన్నులలో మెఱసిన వెలుగే తరువాతి కథకంతకును బీజము. ఆ చదువునకు కాకినాడయో అనంతపురమో పోవలెను; ఆ రెండు కళాశాలలును 1946లో పుట్టినవి. 1959లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన వరంగల్లు రీజినల్ కాలేజీకి పోవలెను. లేదా విశాఖపట్టణము పోవలెను. 1972 అక్టోబరు 2న ప్రభుత్వము కాకినాడ, అనంతపురము, హైదరాబాదు కళాశాలలను చేర్చి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమును స్థాపించినది. ఊరివాడుకలో అది జె.ఎన్.టి.యు. ఇక 1977లో మా పొలముల కవతల కానూరున, ఉయ్యూరు పంచదార కర్మాగారమును నెలకొల్పిన వెలగపూడి రామకృష్ణగారి పేర సిద్ధార్థ అకాడమీవారు ఇంజనీరింగు కళాశాల పెట్టిరి. రాష్ట్రమున ప్రైవేటు యాజమాన్యమున వెలసిన మొదటి ఇంజనీరింగు కళాశాల అదియే. వరిచేల నడుమ నుండి టీ-స్క్వేరు చంకన పెట్టుకొని సైకిలుమీద పోవు విద్యార్థులను చూచి నాట్లు వేయు స్త్రీలు నడుములెత్తి నిలుచుట నేను కన్నులార చూచితిని.

డొనేషను అను మాట మా ఊరికి కర్ణాటకమునుండి వచ్చినది. సీటు రాని పిల్లలను, భూమి గల తండ్రులు, దావణగెరెకో మణిపాలుకో తీసికొనిపోయి సొమ్ము కట్టి చేర్పించుచుండిరి. తండ్రి తన సొమ్ము తాను పెట్టి కొడుకును చదివించుకొనుట తప్పెట్లగునని నేటివారు అడుగవచ్చును. ఆ దినములలో అది తప్పుగనే ఎంచబడినది, గుట్టుగనే జరుగుచుండెను. ఒక రైతు రెండెకరముల మాగాణి అమ్మెను. అమ్మకము ఆడపిల్ల పెండ్లికని చెప్పెను. ఇంట పెండ్లి సూచనలు లేవు. కొడుకు జూన్ మాసమున బెంగుళూరు మేనమామగారింటికి పోయెనని చెప్పెను. వారికి బెంగుళూరులో మేనమామ లేడు. గ్రంథాలయపు అరుగు ఈ రెంటిని కలిపి మూడవదానిని తేల్చుటకు మూడు దినములు కూడ పట్టలేదు. "డొనేషను కట్టాడటగా బాబాయ్?" అని ఒక కుఱ్ఱవాడు నిండు హోటలులో అడుగగా ఆ రైతు అట్టు సగములో విడిచి లేచిపోయెను. మరునాడు ఊరిపెద్ద ఒకాయన వారింటికి స్వయముగా పోయి, "పిల్లాడి చదువు మంచిదే. పొలం పోయిందన్న బాధ మాకూ ఉంది. దాచటమెందుకు, మేము పరాయివాళ్ళమా?" అని మందలించి వచ్చెను. మందలింపులో ఎంత కాఠిన్యమున్నదో అంత బంధుత్వమును ఉన్నది. ఆ రైతు తిరిగి అరుగుమీదికి వచ్చి కూర్చుండుటకు ఎవరును అడ్డు చెప్పలేదు.

1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వ కాలమున విద్యాసంస్థలలో ప్రవేశములను క్రమబద్ధము చేసి కాపిటేషను రుసుమును నిషేధించు చట్టము వచ్చినది. పిమ్మట ఇంజనీరింగునకు, వైద్యమునకు ఒక్కటే ప్రవేశపరీక్ష ఏర్పడి, 1986నుండి జె.ఎన్.టి.యు. వారి నిర్వహణలో ఎంసెట్ అను పేర స్థిరపడినది. పరీక్ష వచ్చిన తోడనే మా ఊరి అపవాదుల స్వరూపమే మారినది. అంతకు ముందు అనుమానము ధనముమీద, ఇప్పుడు అంకెలమీద.

ఫలితములు ప్రకటించు రాత్రిని నేటి పిల్లలకు వర్ణించి చెప్పుట కష్టము. అవి పత్రికలోనే వచ్చెడివి. పరీక్ష వ్రాసినవారి పేరులుండవు. నువ్వుగింజలంత అక్షరములతో హాల్‌టిక్కెట్టు నంబరు, దాని సరసన ర్యాంకు, పుటలకు పుటలు. తెల్లవారి పత్రిక ఇంటికి వచ్చువఱకు ఓపిక పట్టలేని తండ్రులు, అన్నలు, మేనమామలు అర్ధరాత్రికే సైకిళ్ళు తీసి పత్రికాకార్యాలయముల వాకిళ్ళకు చేరుకొందురు. లోపల యంత్రము తిరుగుచున్న ఘోష నేలలోనుండి కాళ్ళకు తెలియుచుండును. జిల్లాలకు పోవు కట్టలు వ్యానులలోనికి ఎక్కించుచుండగా జారిపడిన ప్రతికై పదిమంది చేతులు చాచుదురు. ఎట్టకేలకు దొరకినదానిని వీధిదీపము క్రింద నేలమీద పఱచి, ఒకడు అంచులు పట్టుకొనగా మఱియొకడు స్కేలు ఆనించి వరుస వరుసగా దిగుచు, "నూటపదహారు... నూటపద్దెనిమిది... నూటపదిహేడు లేదురా!" అనునప్పటికి వాని గొంతు ఆరిపోవును. అచ్చుతప్పేమోనని వేఱొక పత్రిక కొందురు. ఒక పత్రికలో 3వలె కన్పట్టినది మఱియొకదానిలో 8 అగును. మూడు పత్రికలును ఏకమై లేదని చెప్పినగాని నమ్మనివారుండిరి. సిరా అంటిన బొటనవ్రేలితో ఇంటికి వచ్చువాని నడక చూచియే వాకిట నిలుచున్న తల్లికి సంగతి తెలియును. పడినచో, "నంబరు పడింది!" అన్న కేకకు వీధి వీధియంతయు మేలుకొనును. ఆ తెల్లవారుజామున మా వీధిలో ఎవరి పిల్లవాడు గెలిచెనో ఎవరి పిల్లవాడు తప్పెనో తెలియని ఇల్లు ఒక్కటియు లేదు. తప్పినవాని ఇంటికి ఆనాడు పొరుగువారు కూరయో పప్పో పంపుట ఎవరును నేర్పని ఆచారము.

పేరులు లేని ఆ అంకెలలోనే మా ఊరి మిక్కిలి వింతయైన అపవాదు పుట్టినది. ఒక గుమాస్తాగారి కుమారుడు తన నంబరు కాని నంబరును తనదని చూపెను. తండ్రి చదువుకొన్నవాడే; అయినను కొడుకు హాల్‌టిక్కెట్టు అడిగి సరిచూచుకొనవలెనన్న ఊహ ఆయనకు కలుగలేదు. బూందీ పంచిరి. గుణదల మేరీమాత కొండకును, దుర్గమ్మ కొండకును రెంటికిని మ్రొక్కులు చెల్లించిరి. కౌన్సెలింగునకు మిత్రులతో పోయెదనని చెప్పి ఆ పిల్లవాడు హైదరాబాదు పోయి వచ్చెను. తరువాత ఆ సంవత్సరమున వర్షకాలమంతయు ప్రతి ఉదయమును తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకొని, మినీ-డ్రాఫ్టరు సంచి భుజమున తగిలించుకొని, అమ్మ కట్టిన క్యారియరు చేతబట్టి బస్సెక్కుచుండెను. పగలంతయు ఎచ్చట గడపెడివాడో పిమ్మట తెలిసినది: ఆటోనగరమున ఒక డీజిల్ పంపుల షెడ్డులో, పని చూచుచు కూర్చుండి, మెల్లగా పానాలు అందించుచు, ఆ వెనుక పని చేయుచు.

దసరా సెలవులు దాటిన పిదప ఒకనాడు, షెడ్డునకు లారీ తెచ్చిన మా ఊరివాడొకడు అతనిని గుర్తుపట్టెను. ఆ సాయంకాలమునకే సంగతి అరుగునకు వచ్చినది. అప్పటికి 1989 దాటినది. ఈనాడు జిల్లాకొక అనుబంధము వేయ నారంభించినది. ఇతర పత్రికలును ఆ దారినే పోవుచుండెను. అంతకు ముందు పత్రికలో మా ఊరి పేరు ఏడాదికొకసారి చూచిన ఘనత. ఇప్పుడు వీధికుళాయి పగిలినను వార్త. అట్టి పుటను నింపవలసిన స్థానిక విలేఖరి కూడ ఆనాడు ఆ అరుగుమీదనే ఉండెను. ఇంతకంటె ఆకర్షకమైన కథ అతనికి ఆ ఏడాదిలో దొరకబోదు. ఎవరును అతనిని బెదరించలేదు, బ్రతిమాలను లేదు. పూర్వము ఆ రైతును మందలించి వచ్చిన పెద్దాయనయే అతని వంక చూచి, "ఇది రాసేది కాదోయ్" అనెను. "నాకు తెలుసు బాబాయిగారూ" అని విలేఖరి కాగితము మడచి జేబులో పెట్టుకొనెను. ఆ కథ అచ్చుకాలేదు. తండ్రికి చెప్పు భారము వయసు పైబడ్డవారు ఇరువురు వహించిరి. చెప్పునప్పుడు "పని నేర్చాడు, బాగా నేర్చాడు" అన్న మాటతో మొదలుపెట్టిరి. తండ్రి కొంతకాలము కొడుకుతో మాటాడలేదు. ఊరు మాత్రము మాటాడినది. ఆ యువకుడు తరువాత స్వంత షెడ్డు పెట్టి, తన తమ్ములను చదివించెను.

నేను చెప్పదలచినది ఈ తూకమును గూర్చియే. ఒక పిల్లవాని భయమునుండి పుట్టిన అబద్ధమునకు ముసుగు వేసిన ఆ అరుగే, బలవంతుల తప్పునకు ఎన్నడును ముసుగు వేయలేదు. విత్‌హెల్డ్ అని, అనగా ఫలితము నిలిపియుంచినవని, పత్రికలో క్రింద వేఱుగా వచ్చు నంబరుల పట్టికను మా వారు ర్యాంకుల పట్టికకంటె శ్రద్ధగా చదివెడివారు. పరీక్షకు ముందు పేపరు అవుటయినదన్న గాలి వచ్చినప్పుడు, ఏ అధికారి బంధువునకు, ఏ కామందు అల్లునికి ఆ గాలి ముందు సోకినదని పేరుపెట్టి అడిగెడివారు. నిజము కానిచో అడిగినవాడే నలుగురిలో ఒప్పుకొనవలెను; అదియు నియమమే.

ఆ తూకము ఊరిని దాటి రాష్ట్రమునంతటిని కుదిపిన సంవత్సరము 1992. కర్ణాటకమున వైద్యవిద్యకు ఇతర రాష్ట్రములవారినుండి ఏటికి అరువదివేల రూపాయలు పుచ్చుకొనుటను ప్రశ్నించిన మోహినీ జైన్ కేసులో, అట్టి రుసుము రాజ్యాంగ విరుద్ధమని సుప్రీం కోర్టు జులై మాసమున తీర్పు చెప్పినది. మన రాష్ట్రమున నేదురుమల్లి జనార్దనరెడ్డిగారి ప్రభుత్వము ప్రైవేటు వైద్య, దంతవైద్య కళాశాలలకు ఇచ్చిన అనుమతులు హైకోర్టున వీగిపోయినవి. ఆయన అక్టోబరులో ముఖ్యమంత్రి పదవినుండి తొలగవలసివచ్చినది. సీట్ల తగవుపై ఒక ముఖ్యమంత్రి దిగిపోవుట మా అరుగునకు తన తీర్పు అమలయినట్లు తోచినది. పిమ్మట 1993 ఫిబ్రవరి 4న ఉన్నికృష్ణన్ కేసున, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే ప్రతివాదిగా, సుప్రీం కోర్టు వృత్తివిద్యా కళాశాలల సీట్లను సగము ఫ్రీ సీట్లుగను సగము పేమెంటు సీట్లుగను విభజించి, రెంటికిని మెరిటే ప్రాతిపదిక కావలెనని పథకము ఏర్పరచినది. మా ఊరివారందఱును ఈ భాగమునే చదివిరి, దానిపైననే వాదములాడిరి. ఫ్రీ సీటు కుఱ్ఱవాడు పేమెంటు సీటు కుఱ్ఱవానిని చిన్నచూపు చూచుటయు, పెండ్లిసంబంధములలో "ఫ్రీ సీటేనా అండీ?" అని అడుగుటయు ఆ నాటినుండియే మొదలు.

ఆ తీర్పులో మఱియొక భాగము కలదు. పదునాలుగేండ్లు నిండువఱకు ప్రతి బాలునకు, బాలికకు ఉచితముగా చదువు పొందు హక్కు జీవించు హక్కులోనే ఇమిడియున్నదని న్యాయమూర్తులు ఆ కేసులోనే పలికిరి. అదియే తరువాత 2002లో రాజ్యాంగమునకు 86వ సవరణగా చేరినది. డొనేషను కట్టగలిగిన తండ్రుల వ్యవహారమునుండి, బడి మొగము చూడని పశులకాపరి పిల్లలకు ఒక హక్కు పుట్టినది. దీనిని తలచుకొనినప్పుడెల్ల నాకు ఒడలు పులకరించును. కానూరు చేలలో నడుములెత్తి ఆ సైకిళ్ళను చూచిన స్త్రీల పిల్లల మాట ఆ తీర్పులో ఉన్నది. మా అరుగుమీద ఆ పుటను ఎవరును పైకి చదువలేదు. ఊరి న్యాయమునకు ఉన్న చూపు ఎంతవఱకో అదియు నేను దాచను. అరుగుమీద కూర్చున్నవారందఱును పొలమో ఉద్యోగమో కలవారు, పురుషులు. ఆడపిల్ల నంబరు పడినప్పుడు, "పంపిస్తారా?" అన్నది మొదటి ప్రశ్న.

కౌన్సెలింగు దినములను గూర్చి ఒక మాట చెప్పి సాగెదను. పిలుపువచ్చిన పిల్లలు తండ్రులతో కృష్ణా ఎక్స్‌ప్రెస్సులో హైదరాబాదు పోయి మాసబ్‌ట్యాంకులోని సాంకేతిక విద్యాభవనమున వరుసలో నిలిచెడివారు. ముందువాడు కోరుకొన్న సీటు అందఱి కన్నులయెదుటనే తగ్గిపోవును. వేయి జతల కన్నులు చూచుచుండగా తప్పు చేయుట సులభము కాదు.

ఇవన్నియు పోయినవి. ఒక్క దెబ్బతో పోలేదు. ఉన్నికృష్ణన్ పథకమును 2002 అక్టోబరులో పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము టి.ఎం.ఏ. పాయ్ కేసున త్రోసివేసినది. కన్వీనరు కోటా, మేనేజిమెంటు కోటా అను మాటలు ఊరి వాడుకలో స్థిరపడినవి. డొనేషను అను మాటలోని సిగ్గు కరగిపోయి అది ఫీజులలో ఒకటి అయినది. జె.ఎన్.టి.యు. 2008లో కాకినాడ, అనంతపురము, హైదరాబాదు విశ్వవిద్యాలయములుగా విడిపోయినది. సాంకేతికవిద్య ఊరూరికిని వచ్చినది. ఆ రాకను నేను నిందింపను, ఏలయన పూర్వము పొలము అమ్మినగాని అందని చదువు రుసుము తిరిగి చెల్లింపు పథకమువలన కూలివాని కూతురికిని అందినది. ఫలితములు ఇంటర్నెట్టునకును, అటనుండి ఫోనునకును పోయినవి. కౌన్సెలింగు వెబ్బునకు పోయినది. వీధిదీపము క్రింద పత్రిక పఱచుటకు పనిలేదు. ఎవరి ర్యాంకు వారి చేతిలో వారికే కన్పించును. కానూరు చేలలో ఇప్పుడు మేడలు. గ్రంథాలయపు అరుగును రోడ్డు విస్తరణ తీసికొన్నది.

అపవాదులు మాత్రము పోలేదు. వాని తూకము పోయినది. పిల్లవాని తప్పు, పిల్లదాని తప్పు క్షణములో వేలమంది ఫోనులలో చేరుచున్నది. దానిని చూచి "ఇది పంపేది కాదోయ్" అను పెద్దాయన ఆ గుంపులో లేడు. అమ్మినవాడు, కొన్నవాడు మాత్రము మొగములు లేనివారై పోయిరి. 2016 జులై 9న హైదరాబాదు జె.ఎన్.టి.యు. తెలంగాణ ప్రభుత్వము తరఫున వైద్యవిద్యకై నిర్వహించిన ఎంసెట్-2 ప్రశ్నపత్రము పరీక్షకు ముందే బయటికి పొక్కినది. ఢిల్లీలో అచ్చువేసిన చోటునుండియే అది వెలువడినదనియు, దళారులు విద్యార్థులను దూరనగరములకు కొనిపోయి వసతిగృహములలో ఉంచి జవాబులు వల్లె వేయించిరనియు సి.ఐ.డి. దర్యాప్తు వెల్లడించినది. ఆ పరీక్ష రద్దయినది. అర్ధలక్షకు పైబడిన పిల్లల శ్రమ ఒక్క ప్రకటనతో వృథా అయినది.

ఆ పరీక్ష వ్రాసినవారిలో మా వీధి బాలిక ఒకతె కలదు. వార్త ఆమె ఫోనునకే వచ్చినది. మేము ఆమె ఏడ్పు విని తెలిసికొంటిమి. నేను వారింటికి పోవునప్పటికి ఆమె నాయనమ్మ వాకిట కుర్చీలో కూర్చుండియున్నది. ఆ వృద్ధురాలు పూర్వము అర్ధరాత్రి పత్రికకై పంపిన కొడుకు రాకకు వాకిట ఎదురుచూచిన తల్లులలో ఒకతె. మనుమరాలిని దగ్గఱకు తీసికొని ఆమె అడిగిన ప్రశ్న చదువును గూర్చి కాదు. "అమ్మినవాళ్ళదే ఊరమ్మా? ఎవరి పిల్లలు?" అని అడిగెను. బాలిక ఫోను వంక చూచి, "ఢిల్లీ అంటున్నారు నాయనమ్మా" అనెను. "ఢిల్లీ సరే, మనిషి ఎవరు?" అని ఆమె నా వంక తిరిగెను. నేను చదివిన పత్రికలలో దళారుల అరెస్టులున్నవి, కోర్టు పేరు ఉన్నది, సెక్షన్ల సంఖ్యలున్నవి. ఆమె అడిగినదానికి జవాబు వానిలో లేదు. పరీక్ష మరల సెప్టెంబరు 11న పెట్టిరి. ఆ పిల్ల తండ్రితో కూడ ముందునాటి రైలులో హైదరాబాదు పోయెను. నాయనమ్మ మాత్రము ఆ తరువాతను, నేను ఆ వీధిని పోయినప్పుడెల్ల, దర్యాప్తు ఎంతవఱకు వచ్చినదని అడుగుచునే ఉండెను.